తిరగని కారు – తగిన ధర
(రేడియో ప్రసంగ పాఠం)



పాత కారు బేరం మగవాళ్ళ వ్యవహారం కదా, మనకెందుకులే అనుకునే రోజులు పోయాయి. ఇవాళ కారు నడుపుకుంటూ ఉద్యోగాలకు వెళ్ళే ఆడవాళ్ళున్నారు. భర్త పోయాక ఇంట్లో మిగిలిపోయిన కారును తామే అమ్ముకోవలసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మన కృష్ణా జిల్లాలో మరో రకం కూడా ఉంది. పిల్లలు అమెరికాలో ఉంటారు. అమ్మా నాన్నా ఎండలో బస్సుల కోసం నిలబడకూడదని ఒక కారు కొనిపెట్టి వెడతారు. ఆ కారు గుడికీ, ఆసుపత్రికీ, దగ్గరివాళ్ళ పెళ్ళిళ్ళకీ తప్ప గేటు దాటదు. పదేళ్ళు దాటినా మీటరు మీద ఇరవై వేల కిలోమీటర్లు మించి ఉండవు. ఇటువంటి కారు అమ్మకానికి వచ్చినప్పుడు దానికి తగిన ధర ఎంత? ఈవేళ దీన్ని గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న సంగతి కాదు. మా ఇంట్లోనే జరిగింది. మా పిన్నిది బందరు. బాబాయి 2012లో వ్యాగన్ ఆర్ పెట్రోలు కారు కొన్నారు. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డ తీసుకుని తుడిచేవారు. నడిపింది తక్కువ, తుడిచింది ఎక్కువ. ఆయన పోయి రెండేళ్ళయింది. 2025 కార్తీకమాసంలో పిన్ని కారు అమ్మేద్దామనుకుంది. అదే సమయానికి గుడివాడలో ఉన్న నా ఆడపడుచు కొడుకు ఒక పాత కారు కోసం వెతుకుతున్నాడు. వాడి భార్య అవనిగడ్డ దగ్గర బడిలో టీచరు. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా రోజూ రెండు బస్సులు మారి వెళ్ళలేక అవస్థ పడుతోంది. ఇంకేం, ఇంట్లో కారు ఇంట్లోనే ఉంటుందని నేనే ఉత్సాహపడి మాట కలిపాను.

అక్కడే చిక్కు వచ్చింది. అమెరికాలో ఉన్న పిన్ని కొడుకు ఫోనులో, “అమ్మా, ఇరవై ఒక్క వేలే తిరిగింది. కొత్తదాని కింద లెక్క. మూడు లక్షలకు తగ్గొద్దు” అన్నాడు. మా మేనల్లుడు, “పదమూడేళ్ళ బండి, ఆర్.సి. ఇంకా రెండేళ్ళే ఉంది. లక్షా పాతిక కన్నా ఎక్కువ దండగ” అన్నాడు. ఆ మాట విని పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “మీ బాబాయి ప్రాణంగా చూసుకున్న బండే అది. ఊరికే ఇమ్మంటే ఇస్తాను గాని, ఆ మాటేమిటే?” అంది. వీడేమో నన్ను పక్కకు పిలిచి, “అత్తయ్యా, మూడు లక్షలంటే చుట్టరికం అడ్డం పెట్టుకుని అంటగట్టినట్టుంది” అన్నాడు. రెండువైపులా నావాళ్ళే. మధ్యలో నేను.

ఇద్దరిలో ఎవరూ దురాశాపరులు కారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు. ఒకరు కిలోమీటర్లు మాత్రమే చూశారు, ఇంకొకరు సంవత్సరాలు మాత్రమే చూశారు. కారు ఎంత తిరిగిందో మీటరు చెబుతుంది. ఎలా నిలబడి ఉందో చెప్పదు. తక్కువ తిరిగిన పాత కారు విషయంలో అసలు తెలుసుకోవలసింది ఆ రెండోదే.

మనకు తెలిసిన వస్తువులతో పోల్చి చూడండి. అటక మీద పెట్టిన ప్రెషర్ కుక్కరు ఆరేళ్ళ తరువాత దించితే గిన్నె కొత్తగానే ఉంటుంది, గాస్కెట్టు మాత్రం బిరుసెక్కి ఉంటుంది. వాడని కుట్టుమిషను తొక్కబోతే కదలదు. బీరువాలో మడత మార్చకుండా ఉంచిన పట్టుచీర మడతల దగ్గరే చిట్లుతుంది. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు. కూర్చున్న కారు కూడా తరుగుతుంది, తిండి లేకుండానే.

మొదట, మీటరు మీది లెక్క నిజమేనా అన్నది చూసుకోవాలి. అయినవాళ్ళ దగ్గర ఆ అనుమానం ఉండదు గాని, బయట కొనేటప్పుడు తప్పదు. రీడింగు వెనక్కి తిప్పే పనివాళ్ళు ఉన్నారు. సర్వీసు పుస్తకం అడగండి. దానిలో ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు అన్నది వరసగా ఉండాలి. కంపెనీ సర్వీసు సెంటరులో చేయించిన కారయితే నంబరు చెప్పి యజమాని చేత పాత వివరాలు తీయించవచ్చు. తరువాత బ్రేకు, క్లచ్చి పెడళ్ళ మీది రబ్బరు చూడండి. ఇరవై వేలు తిరిగిన కారుకు ఆ గీతలు అరగవు. స్టీరింగు చక్రం నున్నగా మెరుస్తున్నా, డ్రైవరు సీటు అంచు నలిగి కుంగినా, మీటరు ఒకటి చెబుతోంది, కారు ఇంకొకటి చెబుతోందన్నమాట.

లెక్క నిజమేనని తేలాక, నిలబడినందువల్ల ఏం పాడయిందో చూడాలి. పిన్ని కారు చూడడానికి మేనల్లుడు గుడివాడ నుంచి ఒక పెద్ద మెకానిక్కును తీసుకువచ్చాడు. ఆయన ఫీజు ఇద్దరూ చెరిసగం ఇచ్చుకునేట్టు నేనే ఏర్పాటు చేశాను. అలా చేస్తే ఆయన ఏ పక్షం మనిషీ కాడు. ఈ చిన్న పద్ధతి మీరూ గుర్తు పెట్టుకోండి.

పిన్ని టైర్లు చూపించి, “చూడు నాయనా, గళ్ళు కూడా అరగలేదు. కంపెనీ టైర్లే” అని గర్వంగా చెప్పింది. ఆయన వంగి, టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు మాకు చూపించాడు: 2112. అంటే 2012వ సంవత్సరం ఇరవై ఒకటో వారంలో తయారైందని అర్థం. మొదటి రెండంకెలు వారం, చివరి రెండంకెలు సంవత్సరం. ప్రతి టైరు మీదా ఉంటాయి. రబ్బరుకు అరుగుదల ఒక్కటే కాదు, వయసు కూడా ఉంది. ఆరేళ్ళు దాటితే ఏటేటా చూపించుకోవాలి. పదేళ్ళు దాటితే గళ్ళు ఎంత లోతుగా ఉన్నా మార్చేయాలి. గోటితో వంచి చూస్తే సన్నని చీలికలు కనిపించాయి. “ఊళ్ళో నెమ్మదిగా తిరిగినంతకాలం ఏమీ కాదమ్మా. పెద్ద రోడ్డు మీద ఎండలో వేగంగా వెళ్ళేటప్పుడు పేలుతుంది” అన్నాడాయన. మా కోడలుపిల్ల రోజూ వెళ్ళవలసింది పెద్ద రోడ్ల మీదే. పిన్ని ఒక్కసారిగా మౌనమైపోయింది. తాను గొప్పగా చెప్పుకున్నదే ప్రమాదమని అప్పటిదాకా ఆవిడకు తెలియదు. మనలో ఎంతమందికి తెలుసు?

మిగతావీ ఇటువంటివే. బ్యాటరీ నడిచినా నడవకపోయినా సాధారణంగా నాలుగైదేళ్ళకు మించి రాదు. బ్రేకు ఆయిలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. అందుకని రెండేళ్ళకొకసారి మార్చాలంటారు. పిన్ని కారులో అది ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు. బ్రేకుల్లోని రబ్బర్లు బిరుసెక్కుతాయి. పెట్రోలు టాంకులో నెలల తరబడి ఉండిపోతే జిగురు కడుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళ దాకా ఇథనాలు కలుపుతున్నారు. 2023 ఏప్రిలుకు ముందు తయారైన కార్లు చాలావరకు ఆ పాళ్ళకు తగినట్టు చేసినవి కావు. ఇథనాలు కూడా చెమ్మను పీలుస్తుంది. కాబట్టి పాత కారులో పెట్రోలు పైపులు, రబ్బరు వాషర్లు ఒకసారి చూపించుకోవడం మంచిది. ఇక ఎలుకలు! నిలబడిన కారు బానెట్టు కింద వాటికి మంచి కాపురం. పిన్ని కారులో ఎ.సి. వైర్లు రెండు కొరికేశాయి.

కొన్ని కార్లకు ఇంజనులో టైమింగు బెల్టు అని రబ్బరుది ఉంటుంది. కొన్నిటికి ఇనుప గొలుసు ఉంటుంది. బెల్టు అయితే కిలోమీటర్లతో పాటు ఏళ్ళ లెక్క కూడా ఉంది. పాత మారుతి 800లో బెల్టే ఉండేది. నడుస్తూండగా అది తెగితే చాలా ఇంజన్లలో పెద్ద ఖర్చు తెచ్చిపెడుతుంది. కొనే కారుకు ఏది ఉందో అడిగి తెలుసుకోండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువు ఉప్పుగాలి. బందరు, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పుపడతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమవారికైతే ఉప్పునీరు ఇనుమును ఏం చేస్తుందో అసలే చెప్పక్కరలేదు. కారు పైన రంగు అద్దంలా ఉన్నా అడుగు వేరుగా ఉండవచ్చు. చిలకలపూడి నగలు బందరువాళ్ళు చూడగానే పోల్చుకుంటారు. పై మెరుపు చూసి బంగారం అనుకోరు. కారు విషయంలోనూ అంతే. వర్క్‌షాపులో పైకెత్తించి, చక్రాల పైకమానులు, తలుపుల కింది అంచులు, అడుగు రేకు చూడాలి. పైపై తుప్పయితే గీకి పూత పూయవచ్చు. వేలితో నొక్కితే రేకు పెళుసుగా విరుగుతూంటే, ఆ కారు ఎంత తక్కువ తిరిగినా వద్దు.

నీళ్ళ మాట వచ్చింది గనుక మరొకటి చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వేలాది వాహనాలు మునిగాయి. అటువంటి కార్లు శుభ్రం చేయించుకుని, సీటు కవర్లు మార్చుకుని అమ్మకానికి వస్తూంటాయి. తక్కువ తిరిగింది, ధర కూడా ఆశ్చర్యంగా తక్కువ అంటే ముందు ఈ అనుమానం రావాలి. సీటుబెల్టును పూర్తిగా చివరిదాకా లాగండి. లోపలి భాగం మీద బురద చార ఉందేమో చూడండి. స్టెపినీ తీసి ఆ గుంటలో ఒండ్రు ఉందేమో వేలితో తడమండి. సీట్ల కింది పట్టాలకు తుప్పు, హెడ్‌లైటు లోపల ఆవిరి, కార్పెట్టు కింద ముక్కవాసన, ఇవన్నీ సాక్ష్యాలే. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు లోపల కూర్చుంటే మన ముక్కే సగం చెబుతుంది. పచ్చడి జాడీ మూత తీయగానే బూజు పట్టిందో లేదో చెప్పగలవాళ్ళం, ఇది కష్టమా?

సరే, ఇప్పుడు ధర కడదాం. కొత్త కారుకు కంపెనీ ధరల పట్టీ ఉంటుంది. కారు మొదటి ఐదేళ్ళకు ఇన్సూరెన్సువారి తరుగుదల పట్టిక ఉంది. ఏడాది దాటి రెండేళ్ళలోపు నూటికి ఇరవై, నాలుగు దాటి అయిదేళ్ళలోపు నూటికి యాభై తగ్గిస్తారు. ఐదేళ్ళు దాటితే ఆ పట్టిక ఊరుకుంటుంది. విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవలసిందే. అంచేత పదమూడేళ్ళ కారుకు అచ్చువేసిన ధర ఎక్కడా దొరకదు. మనమే మూడు మెట్లలో కట్టుకోవాలి.

మొదటి మెట్టు. అదే మోడలు, అదే సంవత్సరం, మామూలుగా తిరిగి చక్కగా నడుస్తున్న కారు మన ఊళ్ళల్లో ఎంతకు అమ్ముడుపోతోంది? అడుగుతున్న ధర కాదు, చేతులు మారిన ధర. అదీ ఈమధ్యది కావాలి. ఎందుకంటే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతదీ దిగుతుంది. మేము బందరు, గుడివాడ, విజయవాడల్లో విచారించాం. సుమారు లక్ష కిలోమీటర్లు తిరిగిన 2012 బండ్లు రెండు లక్షల దగ్గర అమ్ముడుపోతున్నాయని తేలింది.

రెండో మెట్టు. తక్కువ తిరిగినందువల్ల కొన్నవాళ్ళకు మిగిలేదెంత? ఇంజను, క్లచ్చి, షాక్ అబ్జార్బర్లు, చక్రాల దగ్గరి బుష్షులు అరగలేదు. మామూలు బండి కొంటే త్వరలో వీటి మీద పెట్టవలసిన ఖర్చు ముప్పై వేలని మెకానిక్కు అంచనా వేశాడు. ఆ ముప్పై వేలు పిన్నికి న్యాయంగా రావాలి. కలిపాం. రెండు లక్షల ముప్పై వేలయింది.

మూడో మెట్టు. నిలబడినందువల్ల పెట్టవలసిన ఖర్చు ఎంత? కాగితం మీద రాశాం. స్టెపినీతో కలిపి ఐదు టైర్లు 17,000. బ్యాటరీ 4,500. బ్రేకు రబ్బర్లు, ఆయిళ్ళు, కూలెంటు, ఫ్యాను బెల్టు, పెట్రోలు పైపులు 12,500. అడుగున తుప్పు గీకి పూత పూయడానికి 7,000. ఎలుకలు కొరికిన వైర్లు, ఎ.సి. పని 4,000. వెరసి 45,000 రూపాయలు. ఇది తీసేస్తే మిగిలింది 1,85,000.

ఇక్కడ మా మేనల్లుడు, “ఆర్.సి. రెన్యువలు ఖర్చు కూడా తీసేయాలి కదా, అత్తయ్యా” అన్నాడు. సొంత కారు రిజిస్ట్రేషను మొదట పదిహేనేళ్ళకు ఉంటుంది. తరువాత పరీక్ష చేయించి ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ రుసుమును 2022 ఏప్రిలు నుంచి 5,000 చేశారు. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. హరిత పన్ను వేరే. వాడన్నది నిజమే కాని, మేము పోల్చిన రెండు లక్షల బండి కూడా 2012దే. దాని ధరలో ఆ తగ్గింపు అప్పుడే ఉంది. మళ్ళీ తీస్తే ఒకే ఖర్చును రెండుసార్లు తీసినట్టవుతుంది. పాలమనిషి పద్దులో ఒకే రోజు రెండుసార్లు వేస్తే మనం ఒప్పుకుంటామా? వాడు నవ్వి ఊరుకున్నాడు.

చూశారా, తక్కువ తిరిగిన కారు ధర, లక్ష తిరిగిన కారు కన్నా పదిహేను వేలు తక్కువగా తేలింది! అదే ఆ కారును వారానికోసారి పది పదిహేను కిలోమీటర్లు తిప్పి, వేళకు ఆయిళ్ళు, టైర్లు మార్చి ఉంటే, ఇంచుమించు రెండు లక్షల ముప్పై వేలు నిలబడి అడగవచ్చును. ఇంట్లో కారు ఊరికే ఉన్న అక్కచెల్లెళ్ళు ఈ సంగతి గమనించాలి.

ధర కుదిరింది కదా అని డబ్బు చేతులు మార్చుకోకండి. పిన్ని కారు ఆర్.సి. ఇంకా బాబాయి పేరునే ఉంది. చాలా ఇళ్ళల్లో ఇదే పరిస్థితి. యజమాని చనిపోతే ముప్పై రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు పాలసీ కూడా మూడు నెలలో, పాలసీ గడువో, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. పిన్ని పాపం ఆయన పేరునే ప్రీమియం కడుతూ వచ్చింది. ఈలోగా ఏదైనా జరిగివుంటే పరిహారం కోసం తిరగవలసి వచ్చేది. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం పెట్టి, ఆలస్యానికి అపరాధ రుసుము కట్టి ముందు పిన్ని పేరుకు మార్పించాం. ఆ తరువాతే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి. అప్పు మీద కొన్న కారయితే బ్యాంకువారి దగ్గర ఫారం 35 కూడా తీసుకోవాలి.

అమ్మినవాళ్ళు డబ్బు ముట్టింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఆర్.సి.లో పేరు మారనంతకాలం ప్రమాదం జరిగితే బాధ్యత రిజిస్టరు అయిన యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్నవాళ్ళు పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్సు తమ పేరుకు మార్చుకోవాలి. చలానాలు బాకీ ఉన్నాయేమో పరివాహన్‌లో కారు నంబరు కొట్టి చూసుకోవాలి.

ఇవన్నీ అయ్యాక కాగితం మీది లెక్క పిన్నికి వరసగా చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అమెరికాకు ఫోను చేయించి కొడుకుతో, “ఒరే, లెక్క నాకు అర్థమైందిరా. ఆ టైర్లతో ఆ పిల్లను పంపి మూడు లక్షలు తీసుకుంటే మీ నాన్న ఒప్పుకుంటారా?” అంది. అంతే. బేరం అక్కడే తెగింది. మా మేనల్లుడు 1,85,000 ఇచ్చి, తాళం తీసుకునేముందు పిన్ని కాళ్ళకు దండం పెట్టాడు. “ముందు టైర్లు మార్పించు నాయనా. తరువాత మోపిదేవి తీసుకెళ్ళి స్వామికి చూపించు” అంది ఆవిడ. వాడు ఆ వరసలోనే చేశాడు.

అక్కలారా, చెల్లెళ్ళారా! న్యాయమైన ధర అంటే అమ్మినవాళ్ళు ఏడవకుండా, కొన్నవాళ్ళు తిట్టుకోకుండా ఉండే ధర. అది మీటరు మీద ఉండదు, ప్రేమలో ఉండదు, అనుమానంలోనూ ఉండదు. మామూలు బండి ధర ఎంత, తిరగనందువల్ల మిగిలిందెంత, నిలబడినందువల్ల పోయిందెంత అని ఒక కాగితం మీద మూడు వరసలు రాసుకుంటే దొరుకుతుంది. చాకలి పద్దు రాయగలిగిన ఏ ఇల్లాలైనా రాయగల లెక్కే ఇది. మీ ఇంటి గేటు లోపల కారు ఊరికే ఉంటే రేపు పొద్దున్నే ఆ టైరు పక్కనున్న నాలుగంకెలు చదవండి.